మేడమీది ఆట

ఆ ఇంటి ఆడపడుచు అన్నపూర్ణమ్మ తాడేపల్లిగూడెం నుంచి చేసిన ఫోను పెట్టేసి పావుగంట దాటింది. హాల్లో ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడే ఉండిపోయారు.

ఉదయ్‌భాస్కర్ తన సెల్‌ఫోన్‌ని ఆవకాయ జాడీకి ఆనించి భోజనాల బల్ల మీద నిలబెట్టాడు. సరిగ్గా భార్య ముఖానికి ఎదురుగా. అక్కయ్య పంపిన వీడియో అందులో మూడోసారి నడుస్తోంది. ఎవరో కుర్రాడు ఒక వీడియో గేమ్ ఆడుతూ, ఆడుతున్నంతసేపూ ఏదో ఒకటి మాట్లాడుతున్నాడు. చిన్న చిన్న చదరాలు పేర్చి గీసిన బొమ్మ ఇల్లు. మెట్లకు అడ్డంగా ఆకుపచ్చ గ్రిల్లు తలుపు. చీర కట్టిన ఒక బొమ్మ చేత్తో కంచం పట్టుకుని ఆ తలుపు తీసి పైకి వెళుతోంది. కింద హాల్లో చుట్టాలు కూర్చుని ఉన్నారు. పైన అడుగుల చప్పుడవుతుంది. చుట్టాలు తలెత్తి చూస్తారు. అక్కడ ఆట ఆగి, చీర బొమ్మ ఏం జవాబు చెప్పాలో ఎంచుకోమంటుంది.

మొదటి జవాబు, "పిల్లి తిరుగుతోందండి."

ఉదయ్ తల్లి శ్యామలాంబ కళ్ళు మూసుకుంది. తొమ్మిదేళ్ళుగా ఈ ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ, ప్రతి పేరంటాలికీ ఆవిడ చెబుతూ వచ్చిన మాట అది. అక్షరం తేడా లేదు.

"ఇది మనిల్లా, కాదా? అదొక్కటే చెప్పు," అన్నాడు ఉదయ్.

"మనిల్లే," అంది సూర్యకళ.

"మన అక్కయ్య కొడుకు దుర్గాసాయి వాళ్ళ కాలేజీలో కుర్రాళ్ళందరూ ఆడుతున్నార్ట దీన్ని. 'పైగది' అట పేరు. వాడే పోల్చుకుని వాళ్ళమ్మకి చూపించేడు. ఎవడు చేశాడు?"

"ఆరోన్ అని, సామర్లకోట అబ్బాయి. మా ఆదివారం ఆటల గ్రూపులో ఉంటాడు."

"ఆ ఆరోన్‌కి మన మెట్లకి గ్రిల్లుందని ఎవరు చెప్పారు? అమ్మ పిల్లి పేరు చెబుతుందని ఎవరు చెప్పారు?"

సూర్యకళ జాడీ వైపు చూసింది. ఏదో ఒక అబద్ధం చెప్పవచ్చు. ఈ పన్నెండేళ్ళ కాపురంలో ఈ ఇల్లు ఆమెకు బాగా నేర్పిన విద్య అదే. కానీ నోరు రాలేదు.

"నేనే చెప్పాను."

ఉదయ్ అరవలేదు. ఆ ఇంట్లో ఎవరూ అరవరు. గొంతు పెంచితే ఇన్నీసుపేట వీధిలోకి వినిపిస్తుంది. అతను కుర్చీ లాక్కుని కూర్చుని, మెల్లగా అడిగాడు.

"ఎందుకు చెప్పేవు?"

"ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు పిచ్చెక్కేలా ఉందండి అప్పుడు."

"నాకు చెప్పచ్చుగా."

"మీకు తెలిసిందే కదా. తెలిసినవాళ్ళకి ఏం చెప్పను?"

సూర్యకళే మళ్ళీ అందుకుంది.

"పోయిన వేసవిలో పైన గణేష్ ఎనిమిది రోజులు మెతుకు ముట్టలేదు. మీరు సరుకు కోసమని సూరత్ వెళ్ళిపోయారు. అత్తయ్యగారు పూజగదిలోంచి బయటికి రాలేదు. డాక్టరుగారికి ఫోను చేస్తే చెన్నైలో ఉన్నానన్నారు. ఎనిమిది రోజులండి. కంచం తీసుకెళ్ళడం, అలాగే తిరిగి తీసుకురావడం. ఆ అబ్బాయి ఒక్కడే ఏంటక్కా గొంతు అలా ఉందని అడిగేడు."

"అడిగితే ఇల్లంతా విప్పి చూపించేశావన్నమాట. మగపిల్లాడికి. మొహం కూడా చూడనివాడికి."

"ఇంకో రకంగా మాట్లాడకండి. వాడికి ఇరవయ్యారేళ్ళు. నన్ను అక్కా అంటాడు."

"ఏ రకంగా మాట్లాడాలో అక్కయ్య చెప్పింది ఇందాక. నువ్వూ విన్నావు స్పీకర్లో."

విన్నది. 'పెళ్ళాం చేతిలో ఫోను పెట్టి ఆదివారం తలుపేసుకోనిచ్చావు, అనుభవించు' అంది అన్నపూర్ణమ్మ. ఆ మాటకు అత్తగారు గానీ, భర్తగానీ అడ్డు చెప్పలేదు.

బయట మూడు రోజులుగా వదలని ముసురు. పెరట్లో తీగ మీద ఆరేసిన బట్టలు ఆరక, ముక్కవాసన లోపలిదాకా వస్తోంది. ఉదయ్ ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు.

"సరే. అయిందేదో అయింది. అన్నవరం దాటాక హైవే పక్కన ఒక హోమ్ ఉంది. ఇలాంటివాళ్ళని చూసుకుంటారు. రేపు తెల్లారగట్ల నాలుగింటికి కారొస్తుంది. గణేష్‌ని పంపించేద్దాం. ఎవరైనా ఇల్లు వెతుక్కుంటూ వచ్చినా, పైన గది ఖాళీగా ఉంటుంది."

సూర్యకళకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒకటే తట్టింది.

"ఫోనొచ్చి పావుగంటేగా అయింది. ఇంతలో హోమ్‌తో ఎప్పుడు మాట్లాడేరు?"

ఉదయ్ గోడ మీద తండ్రి ఫోటో వైపు చూశాడు. "పోయిన నెల్లో."

శ్యామలాంబ కళ్ళు తెరిచింది. ఆవిడ ఏడుస్తుందనుకుంది సూర్యకళ. కొడుకుని కసురుతుందనుకుంది. ఆవిడ చీర చెంగు భుజం చుట్టూ కప్పుకుని, చాలా మామూలుగా అంది.

"నాలుగింటికైతే నయమే. పాలవాడు కూడా లేవడు."

లేచి వెళ్ళి, మెట్ల దగ్గర గ్రిల్లు తలుపు గడియ వేసి వచ్చింది.

*

ఉదయ్ తమ్ముడు గణేష్‌బాబు నిజంగానే ఒకప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేశాడు. పద్నాలుగు నెలలు. ఒకరోజు ఆఫీసులో తనతో ఎవరో మాట్లాడుతున్నారన్నాడు, గోడల్లోంచి. స్నేహితులు రైలెక్కించి తీసుకొచ్చి ఇంట్లో దిగబెట్టారు. కాకినాడ డాక్టరు మందులు రాశారు, క్రమంగా మాటలు తగ్గాయి. నలుగురిలో తిరగనివ్వండి అని కూడా ఆయన మందు రాసినంత గట్టిగానే చెప్పారు. మందులు మాత్రం కొన్నారు. వీధికి అతను ఇంకా బెంగళూరులోనే ఉన్నాడు. తాడితోటలో బట్టల కొట్టున్న కుటుంబం, నలుగురికీ తెలిసిన ఇల్లు. ఒకసారి చెప్పిన మాటని మార్చడం ఎలాగో ఎవరికీ తెలియలేదు.

వచ్చిన కొత్తలో గణేష్ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అటక సర్దుతుంటే సూర్యకళకు అన్నదమ్ముల చిన్నప్పటి వీడియో గేమ్ దొరికింది. పసుప్పచ్చ క్యాసెట్టు, పైన తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది ఆటలని రాసుంది. లోపల ఉన్నవి పదే. పాత టీవీకి తగిలించి, రెండో రిమోట్ అతని పక్కన పెట్టి, ఆమె ఒక్కతే ఆడుతూ కూర్చుంది. ట్యాంకులాట. నాలుగో రోజున అతను రిమోట్ తీసుకున్నాడు. "అటు కాదు వదినా, ముందు గద్ద బొమ్మ చుట్టూ గోడ కాపాడాలి," అన్నాడు. నాలుగు నెలల్లో అతను మాట్లాడిన మొదటి వాక్యం అది.

అలా మొదలైన పిచ్చి ఇద్దరికీ. పాతవి అయిపోయాక కంప్యూటర్లో కొత్తవి. పెద్ద కంపెనీలవి కాదు, ఒకరో ఇద్దరో ఇంట్లో కూర్చుని తయారుచేసే చిన్న గేములు. వాటి గురించి ఒకచోట ఆమె రాసిన నాలుగు మాటలు చదివి, ఆదివారం మూడింటికి ఫోన్లో కలుసుకుని ఆటల గురించి మాట్లాడుకునే జట్టు ఒకటి ఆమెను పిలిచింది. మూడేళ్ళయింది.

ఆ రోజు ఆదివారమే. మూడు కావస్తుంటే ఉదయ్ గదిలో పడుకున్నాడు. సూర్యకళ వెనక వసారాలో గచ్చు మీద కూర్చుని ఫోను తెరిచింది. చెప్పాల్సింది ఒకటే మాట, ఇక రానని. చెప్పి పెట్టేద్దామనుకుంది.

అప్పటికే పల్లంరాజు అందుకున్నాడు. కడియంలో నర్సరీ ఆయనది. వెనక ఎవరో లారీలో మొక్కలు ఎక్కిస్తున్న కేకలు వినిపిస్తున్నాయి.

"ఆయ్, నేను చెప్పేది వినండి ముందు. ఆ ఇద్దరు సిపాయిల ఆట ఉంది చూశారూ, అడవిలో కాల్చుకుంటా పోవడం. అందులో కథేంటండి? ఎవడ్ని కాలుస్తున్నామో, ఎందుకు కాలుస్తున్నామో ఈ రోజుకీ నాకు తెలీదు. అయినా వేసవి సెలవలు మొత్తం దానికే ధారపోశాం. ఇప్పుడు మీ చిన్న గేములేంటండి బాబూ! ఒకడు గదిలో కూర్చుని ఏడుస్తూ ఉంటాడు. మనం బటన్ నొక్కుతూ ఓదార్చాలి. ఆట అంటే ఆడుకోడానికండి."

కృపారాణి నవ్వింది. అమలాపురంలో టీచరు ఆమె. "పెద్ద గేములు వంద గంటలు ఆడమంటాయి రాజుగారూ. బడినుంచొచ్చి, వంట చేసుకుని, నాకుండేది ఒక్క గంట. ఆ గంటలో అయిపోవాలి, ఆ తర్వాత వారం గుర్తుండాలి. అది చిన్న గేములే చెయ్యగలవు."

"మరి బొమ్మలెందుకండీ అలా చదరాలు చదరాలుగా? మా చిన్నప్పుడు మెషీన్‌కి అంతకన్నా చేతకాక అలా ఉండేవి. ఇప్పుడు చేతనయ్యీ అలాగే వేస్తున్నారు. ఫ్యాషనా?"

"ఫ్యాషన్ ఉంది, కాదన్ను. పదింటిలో ఎనిమిది అందుకే వేస్తున్నారు. కానీ 'పైగది'లో అలా కాదండి. ఆ మరిది ముఖం మనకి ఎప్పుడూ సరిగ్గా కనపడదు చూశారా? నాలుగు చదరాలంతే. ఎవరి ముఖమైనా పెట్టుకోవచ్చు అక్కడ. నేను మా పిన్ని ముఖం పెట్టుకున్నాను. బాగా ఏడ్చాను."

సూర్యకళ ఫోను మరో చెవికి మార్చుకుంది.

"ఆరోన్ లైన్లోనే ఉన్నాడు కదా, మాట్లాడడేం?" అన్నాడు పల్లంరాజు. "సూర్యగారూ, మీరూ వచ్చారుగా. అసలు ఇదంతా మొదలెట్టింది మీరేనండి. పోయినేడు మీరే అన్నారు, మనిళ్ళలో జరిగేది గేమ్ ఎందుక్కాకూడదు, ఎంతసేపూ రాక్షసుల్ని చంపడమేనా అని. అదిగో, చేశాడు. మీరేమంటారు? మీ మరిదిగారు ఆడారా? ఆయన మాట చెప్పండి, ఆయన చెప్పేదే నాకు నచ్చుద్ది."

వాళ్ళకు గణేష్ తెలుసు. ఆటల్ని బాగా తూకం వేసి చెప్పే మరిదిగా తెలుసు. ఆ మరిదీ, గేములో మరిదీ ఒక్కడేనని తెలియదు.

"బాగా చేశాడు," అంది సూర్యకళ. "ఒక్కటే అడగాలి ఆరోన్. ఆ పిల్లి మాట. చుట్టాలకి పిల్లి తిరుగుతోందని చెప్పడం. అది నీకెక్కడ దొరికింది?"

"విన్నానండి," అన్నాడు ఆరోన్.

"ఎవరిదగ్గర?"

"నన్ను నమ్మి చెప్పినవాళ్ళ దగ్గర."

"అబ్బ, ఎంత మాటండీ!" అంది కృపారాణి మెచ్చుకోలుగా. "అందుకే అంత నిజంగా ఉంది."

సూర్యకళ ఫోను కట్టేసింది. ఇక రానని చెప్పడం మర్చిపోయింది.

నిమిషంలో ఆరోన్ విడిగా చేశాడు. నాలుగుసార్లు మోగనిచ్చి తీసింది.

"అక్కా, పేరు మార్చానండి. ఊరు మార్చాను. గోదావరి తీసేసి సముద్రం పెట్టేను."

"గ్రిల్లు రంగు మార్చలేదు."

"అది... ఆ రంగు లేకపోతే నాకు ఇల్లు కనపడలేదండి."

"మా వాళ్ళకి కనపడింది."

అతనికి అప్పుడు అర్థమైనట్టుంది. "అయ్యో," అన్నాడు. "మీకు చూపించి పెడదామనే అనుకున్నానండి. మీరు వద్దంటారేమోనని భయమేసింది. రెండేళ్ళలో నేను చేసిన వాటిని పదిమంది కూడా ఆడలేదక్కా. మీరు ఆ ఎనిమిది రోజులు చెప్పినప్పుడు నేను కూర్చుని ఏడ్చాను. అది చెయ్యకుండా ఉండలేకపోయేను."

"నువ్వు ఏడ్చావు. కృపారాణి ఏడ్చింది. మంచిదే. రేపు గణేష్‌ని పంపించేస్తున్నారు ఇంట్లోంచి."

"ఎక్కడికండి?"

ఆమె చెప్పలేదు. చెప్పిన ప్రతి మాటా ఎక్కడికి పోతుందో తెలిశాక నోరు దానంతటదే మూతపడింది.

"తీసేస్తానక్కా. ఇప్పుడే తీసేస్తాను. మీరు ఊ అనండి చాలు."

ఊ అనబోయింది. అంతలో పైనుంచి చప్పుడు వినిపించింది. అడుగులు. గణేష్ అడుగులు కావు, అతను ఎడమకాలు కాస్త ఈడుస్తాడు. ఇవి తడబాటు లేకుండా, ఒకే తూకంలో, మళ్ళీ మళ్ళీ అవే. తర్వాత స్టీలు కంచం నేలమీద పెట్టిన శబ్దం.

ఉదయం మూడుసార్లు విన్నది. 'పైగది'లో శబ్దం అది.

*

గ్రిల్లు గడియ తీసి పైకి వెళ్ళింది. గణేష్ కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. తెరమీద చీర బొమ్మ మూసిన తలుపు బయట నిలబడింది. అతను వెనక్కి తిరగలేదు.

"కూర్చో వదినా. ఇది అయిపోవచ్చింది."

ఆమె మంచం అంచున కూర్చుంది. "ఎప్పటినుంచి ఆడుతున్నావు?"

"ఇది వచ్చిన రోజునించీ. పదహారు రోజులైంది."

"నాతో అనలేదేం?"

"నువ్వంటావని చూశాను."

ఆ మాట కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

"నాకు ఇవాళ పొద్దున్నే తెలిసింది గణేష్. ఒట్టు."

"ఊ." అతను బటన్ నొక్కాడు. చీర బొమ్మ కంచం అక్కడే వదిలి మెట్లు దిగింది. "బొమ్మలు బాగా వేశాడు. సాయంకాలం ఎండ ఎక్కడ పడుద్దో కూడా సరిగ్గా పెట్టేడు. కిటికీ రెండో ఊచ దగ్గర. అది నువ్వు చెప్పి ఉండవు, వాడే ఊహించుకుని ఉంటాడు. తెలివైనవాడే." ఆదివారాల్లో ఏ గేము గురించి అడిగినా అతను అలాగే చెబుతాడు, ఒక్కొక్కటే, తొందర లేకుండా. "ముగింపు బాగాలేదు."

"ఏముంది ముగింపులో?"

"నువ్వు ఆడలేదా?"

"లేదు."

"రెండు పెట్టేడు. ఒకదాంట్లో వదిన ఇల్లొదిలి వెళ్ళిపోద్ది. రెండోదాంట్లో మరిది చచ్చిపోతాడు. మూడోది ఎక్కడైనా దాచేడేమోనని పదకొండుసార్లు ఆడేను. లేదు."

సూర్యకళ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడవకు. నేను గేమ్ గురించి చెబుతున్నాను." అతను ఇప్పుడు ఆమె వైపు తిరిగాడు. గడ్డం గీసుకున్నాడు ఆ వేళ. ముఖం తేటగా, వయసు కనపడకుండా ఉంది. "ఇంకో సంగతి. ఇందులో నన్ను ఆడటానికి లేదు వదినా. ఎక్కడ నొక్కినా నువ్వే కదులుతావు. కంచం తేవడం నువ్వే, అబద్ధం చెప్పడం నువ్వే, ఏడవడం నువ్వే. నేను తలుపవతల ఉంటాను. చప్పుడు చేస్తాను. అంతే నాకు పని."

ముసురు కిటికీ మీద సన్నగా కొడుతోంది. ఆమెకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఎనిమిది రోజుల గురించి, ఎవరూ లేకపోవడం గురించి. అవన్నీ తన గురించేనని తెలిసి ఊరుకుంది.

"వాడికి చెప్పేముందు నన్ను అడిగేవా?" అన్నాడు గణేష్.

"లేదు."

"అన్నయ్యా అడగలేదు, ఆ హోమ్ గురించి."

ఆమె ఉలిక్కిపడింది. "నీకెలా..."

"పై చప్పుడు కిందికి వినపడుద్దనే మీ అందరి భయం. కింద మాట పైకి వినపడుద్దని ఎప్పుడూ అనుకోలేదు మీరు. తొమ్మిదేళ్ళ మాటలున్నాయి నా దగ్గర." కంప్యూటర్ ఆపేశాడు. "నాలుగింటికి కదూ?"

"నేను పంపనివ్వను. ఆయనతో మాట్లాడతాను. కాళ్ళు పట్టుకుంటాను."

"చూశావా, మళ్ళీ నువ్వే ఆడుతున్నావు."

అతను లేచి, బీరువాలోంచి తెల్ల చొక్కా తీసి తొడుక్కున్నాడు. ఆమె మొన్న పండక్కి తెచ్చిన చొక్కా, మడత కూడా విప్పలేదు. బొత్తాలన్నీ పెట్టుకున్నాడు, మెడ దగ్గరది కూడా. ఆమె పైకి వస్తూ గ్రిల్లు గడియ వెయ్యలేదు. అతను దిగుతుంటే వెనకే దిగింది. ఎందుకు దిగుతున్నాడో అడగడానికి ధైర్యం చాల్లేదు.

*

సాయంత్రం ఐదవుతోంది. హాల్లో ఉదయ్ కాఫీ తాగుతున్నాడు. శ్యామలాంబ దీపారాధనకి వత్తులు చేసుకుంటోంది. గణేష్ వాళ్ళిద్దరి మధ్యనుంచి నడిచి వీధి తలుపు దగ్గరికి వెళ్ళాడు.

"ఎక్కడికిరా?" గ్లాసు కింద పెట్టేశాడు ఉదయ్.

"అరుగు మీదికి."

"తలుపు తీసుంది. జనం తిరుగుతున్నారు."

"కనపడుతోంది."

"గణేష్, లోపలికి రా నాన్నా. ఏదైనా ఉంటే మాట్లాడుకుందాం."

"రేపు నీ కారెక్కుతాను అన్నయ్యా. గొడవ చెయ్యను. నాలుగింటికి మాత్రం కాదు. పది గంటలకి. వీధిలో అందరూ లేచి తిరుగుతుంటే, ఈ గుమ్మంలోంచే వెళ్తాను. అప్పటిదాకా బయట కూర్చుంటాను. ఎవరైనా పలకరిస్తే పలుకుతాను."

"పరువు తీస్తావా? నాన్న సంపాదించిన పరువురా ఇది!"

ఉదయ్ గొంతు పెరిగింది. ఆ ఇంట్లో ఎన్నో ఏళ్ళ తర్వాత. శ్యామలాంబ చేతిలో దూది ఆగిపోయింది. ఉదయ్ రెండంగల్లో వెళ్ళి తమ్ముడి జబ్బ పట్టుకున్నాడు. గణేష్ విదిలించలేదు. ఆ చేతివైపు చూస్తూ నిలబడ్డాడు, అది దానంతటదే వదిలేదాకా. తర్వాత గడప దాటాడు.

సూర్యకళ కూడా కదిలింది. అరుగు మీద తడవని చోటు వెతుక్కుని కూర్చుంటూ అతను తలెత్తాడు.

"నువ్వు రాకు వదినా."

"వాన పడుతోంది గణేష్."

"పడనీ. నువ్వు పక్కనుంటే నీతోనే మాట్లాడతారు అందరూ."

ఆమె గడప దగ్గరే ఆగిపోయింది. వెనకనుంచి ఉదయ్ వచ్చి ఆమెను చేత్తో పక్కకి జరిపి, తలుపు మూశాడు. పై గడియ, కింద గడియ, రెండూ వేశాడు. ఇత్తడి గడియల చప్పుడు హాలంతా మోగింది.

"ఏమండీ!"

"ఉండనీ. నలుగురూ వింతగా చూస్తే వాడే లోపలికొస్తానంటాడు. అప్పుడు తీద్దాం."

ముగ్గురూ తలుపు వైపే చూస్తూ నిలబడ్డారు. ఒక మోటారు సైకిలు వెళ్ళింది. ఎవరో గొడుగు విదిలించారు. తర్వాత, రోజూ ఈ వేళకి పూలు తెచ్చే చిట్టెమ్మ గొంతు వినిపించింది, గుమ్మానికి బాగా దగ్గరగా.

"ఎవరు బాబూ తమరు? ఎవరి కోసం?"

జవాబు స్పష్టంగా వచ్చింది.

"ఈ ఇంటి రెండో అబ్బాయినండి. గణేష్‌బాబు."

"అయ్యబాబోయ్, బెంగళూరు నించి ఎప్పుడొచ్చేరు?"

"తొమ్మిదేళ్ళయిందండి."

చిట్టెమ్మ పూలబుట్ట అరుగు మీద దించిన చప్పుడైంది. ఆవిడ కూడా అక్కడే కూలబడినట్టుంది.

శ్యామలాంబ ఒళ్ళో వత్తులన్నీ నేలమీద పడిపోయాయి. ఏరుకోలేదు. గోడ పట్టుకుని లేచి, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ కొడుకు దగ్గరికి వచ్చింది.

"గడియ తియ్యరా ఉదయ్."

"తియ్యనమ్మా."

"చిట్టెమ్మ ఉందిరా అక్కడ. లోపలికి పిలుచుకోవాలి వాణ్ణి."

"పిలిస్తే వాడన్నది నిజమని మనం ఒప్పుకున్నట్టే. తియ్యను."

తల్లి మాటకు అతను ఎదురు చెప్పడం సూర్యకళ ఎన్నడూ చూడలేదు. ఉదయ్ వీపు తలుపుకి ఆనించి, రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. శ్యామలాంబ చెయ్యి అతని భుజం పక్కనుంచి గడియ వైపు చాచింది, అందక అలాగే ఆగిపోయింది.

బయట వాన పెద్దదైంది. తడిసిపోతున్నాను, తలుపు తియ్యండి అంటాడేమోనని ముగ్గురూ చెవులు రిక్కించారు.

గణేష్ తలుపు కొట్టలేదు.